పక్క మంచం కోసం చేసే పరీక్ష

ఒక ఆసుపత్రి ఐసీయూలో పదిహేను రోజులుండి, అక్కడ లాభం లేదని అంబులెన్సులో మరో పెద్దాసుపత్రికి వచ్చిన పేషెంటును ఊహించుకోండి. స్ట్రెచర్ దింపీ దింపకముందే సిస్టర్ వచ్చి, "మలద్వారం దగ్గర స్వాబ్ తీసుకోవాలండీ" అంటుంది. వెంట వచ్చినవాళ్లకు చిర్రెత్తుకొస్తుంది. నిమ్ము ఊపిరితిత్తుల్లో ఉంటే పరీక్ష అక్కడెందుకు? బిల్లు పెంచడానికి ఇదో కొత్త దారా? అలా అడగడంలో తప్పేమీ లేదు. చాలాచోట్ల వాళ్లకు దొరికే జవాబు మాత్రం "ప్రోటోకాల్ అండీ" అన్న ఒక్క ముక్కే.

అసలు సంగతేమిటంటే, ఆ పరీక్ష ఆ పేషెంటు జబ్బేమిటో తేల్చడానికి చేసేది కాదు. ఏ మందు రాయాలో చెప్పడానికీ కాదు. ఆయన పేగుల్లో మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా మకాం వేసిందేమో చూడడానికి. ఒకవేళ ఉంటే, రేపు దానివల్ల ప్రమాదంలో పడేది ఆయన ఒక్కడే కాదు, పక్క మంచం మీదున్న మనిషి కూడా. ఒకరి ఒంట్లోంచి నమూనా తీసి మరొకరిని కాపాడే పరీక్ష ఇది. ఈ ఒక్క విషయం ముందే చెబితే సగం గొడవలు ఉండవు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. బ్యాక్టీరియా ఒంట్లో ఉండటం వేరు, అది జబ్బు చేయడం వేరు. మన పేగుల్లో లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి అక్కడున్నంతకాలం వాటి మానాన అవి బతుకుతాయి. వాటిలో ఒకటి మూత్రపు గొట్టం వెంట పైకి పాకినా, వెంటిలేటర్ గొట్టంలోంచి ఊపిరితిత్తుల్లోకి జారినా, సెలైన్ ఎక్కించే లైన్ పట్టుకుని రక్తంలోకి చేరినా అప్పుడు ఇన్‌ఫెక్షన్. అంతవరకూ ఆ మనిషి వాహకుడు మాత్రమే. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, చూసి గుర్తుపట్టే దారి లేదు.

ఐసీయూలో రోజుల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించాక పేగుల్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మందుకు లొంగేవన్నీ చస్తాయి. లొంగనివి ఒకటో రెండో మిగిలితే, పోటీ లేని చోట అవే లక్షలుగా పెరుగుతాయి. అందుకే ఈ మధ్య ఆసుపత్రిలో పడుకున్నవాళ్లు, ఐసీయూలోంచి వచ్చినవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడినవాళ్లు వస్తే స్వాబ్ తీయాలంటారు. కాలు విరిగి నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి విషయంలో అంత పట్టుదల ఉండదు.

వెతికే దొంగలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఎంఆర్ఎస్ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ ఆరియస్. ఇది ముక్కు రంధ్రాల్లో, చర్మం మీద ఉంటుంది కాబట్టి స్వాబ్ ముక్కులో తిప్పుతారు. రెండోది మనకు ఎక్కువ తలనొప్పి అయినది: కార్బపెనెం మందులకు లొంగని పేగు బ్యాక్టీరియా. ఇమిపెనెం, మెరోపెనెం ఈ జాతి మందులే. ఐసీయూ బిల్లులో మెరోపెనెం ఇంజక్షన్ పేరు చూడని కుటుంబం తక్కువ. మిగతా మందులు ఓడాక వాడే బలమైన మందులివి. ఇవీ పనిచేయకపోతే కొలిస్టిన్ లాంటి, కిడ్నీల మీద దెబ్బ కొట్టే పాత మందుల దగ్గరికి పోవాలి. ఐసీఎంఆర్ పర్యవేక్షణలోని ఆసుపత్రుల లెక్క ప్రకారం 2021 నాటికే ఇమిపెనెంకు లొంగే క్లెబ్సియెల్లా సగానికంటే తక్కువకు పడిపోయింది.

ఈ మొండితనం ఒక బ్యాక్టీరియా సొంత ఆస్తిగా ఉండిపోతే ఇంత భయం ఉండేది కాదు. కార్బపెనెంను ముక్కలు చేసే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరం మీద ఉంటుంది. పరీక్ష హాల్లో చిట్టీ అందించినట్టు ఒక బ్యాక్టీరియా దాన్ని పక్కదానికి అందిస్తుంది. ఆ పక్కది వేరే జాతిదైనా సరే. క్లెబ్సియెల్లా దగ్గరున్నది రేపటికి ఈ.కోలై దగ్గర ఉంటుంది.

ఇలాంటి జన్యువుల్లో ఒకదానికి మన రాజధాని పేరే ఉంది. 2008లో స్వీడన్‌లో, భారత మూలాలున్న ఒక పేషెంటు మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లాలో ఈ ఎంజైమ్ బయటపడింది. అంతకుముందు ఆయన ఢిల్లీలో ఆసుపత్రిలో ఉన్నారు. దాంతో దానికి న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేజ్, పొట్టిగా ఎన్‌డీఎం అని పేరు పెట్టారు. 2010లో లాన్సెట్ బృందపు పత్రికలో వ్యాసం వచ్చేసరికి దేశమంతా రగడ. మన వైద్య పర్యాటకాన్ని దెబ్బతీయడానికే ఇదంతా అన్నారు. పేరు మీద కోపం న్యాయమే కావచ్చు. కానీ 2011లో ఢిల్లీ కుళాయి నీళ్ల నమూనాలు 50 పరీక్షిస్తే రెండింటిలో, వీధుల్లో నిలిచిన మురుగు నమూనాలు 171లో 51లో అదే జన్యువు దొరికింది. జన్యువుకు మన కోపతాపాలతో పనిలేదు.

హైదరాబాదుకూ ఈ కథలో ఒక పేజీ ఉంది. 2007లో పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. శుద్ధి అయ్యాక వదిలిన నీళ్లలో సంగతి ఇది! అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఎలాంటిదో వేరే చెప్పాలా?

ఇక పరీక్షల సంగతికొద్దాం. మామూలు దారి కల్చర్. స్వాబ్‌ను బ్యాక్టీరియా పెంచే అగర్ పళ్లెం మీద గీతలు గీసినట్టు రుద్ది, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. మర్నాటికి మచ్చలు మచ్చలుగా కాలనీలు పైకొస్తాయి. అవేమిటో గుర్తించి, ఏ మందుకు లొంగుతాయో చూడటానికి మరో రోజు. అన్నీ కలిపి రెండు మూడు రోజులు. ఆదివారమో పండగో మధ్యలో వస్తే ఇంకో రోజు. ఈలోగా ఆ పేషెంటు వార్డులో మంచం మార్చి ఉంటాడు, స్కానింగుకు వెళ్లి వచ్చి ఉంటాడు, పదిమంది చేతులు ఆయన మీద పడి ఉంటాయి.

కొంచెం వేగం పెంచేది రంగు తేల్చే అగర్. ఇందులో కార్బపెనెం కలిపి ఉంచుతారు కనుక లొంగే బ్యాక్టీరియా పెరగదు. మొండివి పెరుగుతూ అగర్‌లోని రసాయనాన్ని విరగ్గొట్టి రంగు తెచ్చుకుంటాయి. ఒక రకం పళ్లెంలో ఈ.కోలై ముదురు గులాబీ ఎరుపులో, క్లెబ్సియెల్లా లోహపు మెరుపున్న నీలంలో కనిపిస్తుంది. ఉదయం ల్యాబు తెరిచి పళ్లెం పైకెత్తి వెలుతురులో చూస్తే చాలు, అనుభవమున్న టెక్నీషియన్‌కు సగం కథ అర్థమైపోతుంది. ఒక రోజులో అయ్యే పని. ఖర్చూ తక్కువ. దీని గురించి ఎవరూ ప్రకటనలు ఇవ్వరు గానీ, మన జిల్లా స్థాయి ల్యాబులకు నా ఓటు దీనికే.

గంటలోపు ఫలితం కావాలంటే పీసీఆర్. టీబీ పరీక్షకు సీబీనాట్ అని ప్రభుత్వాసుపత్రుల్లో వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం చాలామందికి తెలుసు. అదే యంత్రంలో వేరే కార్ట్రిడ్జి పెడితే ఈ జన్యువుల్ని వెతుకుతుంది. స్వాబ్‌ను ద్రావకంలో తిప్పి, ఆ నీళ్లు కార్ట్రిడ్జిలో పోసి, మూత పెట్టి లోపలికి తోస్తే దాదాపు 50 నిమిషాల్లో జవాబు: కేపీసీ, ఎన్‌డీఎం, విమ్, ఇంప్, ఆక్సా-48 అనే ఐదు కుటుంబాల్లో ఏది ఉందో, ఏది లేదో. ముక్కు స్వాబ్‌లో ఎంఆర్ఎస్ఏను పట్టే కార్ట్రిడ్జి వేరే ఉంది.

వీటికంటే చవకైనవీ ఉన్నాయి. 2012లో ఫ్రాన్స్‌లో రూపొందిన కార్బా ఎన్‌పీ పరీక్షలో ఎర్రటి ద్రావకంలో బ్యాక్టీరియా, ఇమిపెనెం కలుపుతారు. ఎంజైమ్ మందును విరగ్గొడితే ఆమ్లం పుట్టి రంగు పసుపుకు తిరుగుతుంది. రెండు గంటల్లోపు, కంటితో చూసి చెప్పొచ్చు. కోవిడ్ కిట్‌లా గీతలు పడే పట్టీలైతే 15 నిమిషాలే. ఇక్కడే కంపెనీ బ్రోషర్లలో చిన్న అక్షరాల్లోకి జారిపోయే మాట ఒకటుంది. ఈ పట్టీకి, ఆ ఎర్ర ద్రావకానికి మామూలుగా కావలసింది పళ్లెం మీద పెరిగిన కాలనీ. పేషెంటు దగ్గర్నుంచి తెచ్చిన స్వాబ్‌ను నేరుగా ముంచితే చాలదు. అంటే ముందు ఒక రాత్రి ఆగి, తర్వాత 15 నిమిషాలు. ఆసుపత్రి కొనుగోలు కమిటీ వాళ్లు "ఎంతసేపట్లో" అని అడిగి ఊరుకోకుండా "దేని నుంచి మొదలుపెట్టి" అని కూడా అడగాలి.

పీసీఆర్‌కూ గుడ్డి కోణాలున్నాయి. తనకు నేర్పిన జన్యువులనే అది వెతుకుతుంది. మన ఐసీయూల్లో వెంటిలేటర్ పేషెంట్లను పీడించే అసినెటోబ్యాక్టర్‌లో ఎక్కువగా ఉండేది ఆక్సా-23 అనే జన్యువు. పైన చెప్పిన ఐదింటి పట్టికలో అది లేదు. కనుక "నెగెటివ్" అని రిపోర్టు వచ్చిన మనిషి దగ్గర అసినెటోబ్యాక్టర్ నిక్షేపంగా ఉండొచ్చు. ఎంజైమ్‌తో పనిలేకుండా, మందు లోపలికి దూరే రంధ్రాలు మూసేసుకుని బతికే బ్యాక్టీరియా కూడా దీనికి కనపడదు. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏను బతికున్నదని పొరబడటం ఇంకో ఇబ్బంది. ఇవన్నీ ఒక ఎత్తు, స్వాబ్ సరిగ్గా తీయకపోవడం ఒక ఎత్తు. మొహమాటపడి పైపైన అద్ది తెస్తే లక్ష రూపాయల యంత్రమైనా కోటి రూపాయల యంత్రమైనా చెప్పేది నెగెటివే. దూది మీద మలం మరక కంటికి కనబడాలి. లేకపోతే మళ్లీ తీయాలి. ఇది చెప్పుకోడానికి ఇబ్బందిగా ఉండే విషయమే, అయినా పరీక్ష విలువ అంతా అక్కడే ఆధారపడి ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. లెక్క కోసం అనుకున్న అంకెలివి. ఒక పరీక్ష నూరుగురు వాహకుల్లో 95 మందిని పట్టుకుంటుంది, వాహకులు కాని నూరుగురిలో ముగ్గురిని పొరపాటున పాజిటివ్ అంటుంది. చాలా మంచి పరీక్షే. వెయ్యిమంది చేరారు, వారిలో 20 మంది వాహకులు. పరీక్ష 19 మందిని పడుతుంది. మిగతా 980 మందిలో 29 మంది అనవసరంగా పాజిటివ్ అవుతారు. అంటే మొత్తం 48 పాజిటివ్‌లలో నిజమైనవి 19. సగం కూడా లేవు! అదే పరీక్షను పొరుగు ఐసీయూల నుంచి వచ్చిన వెయ్యిమందికి, అందులో 200 మంది వాహకులున్నచోట చేస్తే, 214 పాజిటివ్‌లలో 190 నిజమైనవి. యంత్రం మారలేదు, ఎవరికి చేశామన్నదే మారింది. వచ్చిన ప్రతివారికీ స్వాబ్ తీయాలనే ఉత్సాహం ఎక్కడ బెడిసికొడుతుందో ఈ అంకెలే చెబుతాయి.

ఇంగ్లండ్ ఈ పాఠాన్ని ఖర్చుపెట్టి నేర్చుకుంది. 2009 ఏప్రిల్ నుంచి ముందే తేదీ తీసుకుని చేరేవాళ్లందరికీ, 2010 చివరికి ఎమర్జెన్సీగా వచ్చేవాళ్లకు కూడా ఎంఆర్ఎస్ఏ పరీక్ష తప్పనిసరి చేసింది. 2014లో వెనక్కి తగ్గి, ప్రమాదం ఎక్కువున్న విభాగాలకూ పేషెంట్లకూ పరిమితం చేయమంది. నెదర్లాండ్స్ దారి వేరు. ఎంఆర్ఎస్ఏ మోసే అవకాశం ఎక్కువున్న విదేశీ ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లను, పందుల పెంపకందార్లను చేరగానే విడి గదిలో పెట్టి, ఫలితం నెగెటివ్ వచ్చాకే వార్డులోకి పంపుతారు. అక్కడ ఎంఆర్ఎస్ఏ మొదటినుంచీ తక్కువ. గదులూ ఉన్నాయి. కాబట్టి చెల్లింది.

మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ ఇజ్రాయెల్ అనిపిస్తుంది నాకు. 2006లో కేపీసీ జన్యువున్న క్లెబ్సియెల్లా అక్కడి ఆసుపత్రుల్ని ముంచెత్తింది. 2007 మార్చి నాటికి 27 ఆసుపత్రుల్లో 1,275 మంది పేషెంట్లు. ప్రభుత్వం ఒక కార్యదళాన్ని వేసి రెండు పనులు తప్పనిసరి చేసింది. వాహకులను విడిగా ఉంచి వాళ్లకు ప్రత్యేకంగా సిబ్బందిని కేటాయించాలి. ప్రతి కేసునూ రోజువారీగా పైకి తెలపాలి, ఆసుపత్రి పెద్ద జవాబుదారీ. లక్ష పేషెంటు రోజులకు 55.5గా ఉన్న కొత్త కేసులు 2008 మే నాటికి 11.7కు దిగాయి. అప్పటికి ఒక్క గంటలో ఫలితమిచ్చే కార్ట్రిడ్జులు ఎవరి చేతిలోనూ లేవు. నర్సుల్ని విడగొట్టడం, లెక్క రాయడం, అడిగేవాడు ఒకడుండటం, ఇంతే.

మరోవైపు అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ సొంత ఆసుపత్రిలో 2011లో జరిగింది చూడండి. న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక పేషెంటు దగ్గర ఇదే బ్యాక్టీరియా ఉందని ముందే తెలుసు. గట్టి కట్టుదిట్టాలతో విడిగా ఉంచారు. ఆమె కోలుకుని ఇంటికెళ్లిపోయింది. మూడు వారాల తర్వాత ఇంకో పేషెంటులో అది బయటపడింది. చివరికి ఆమెతో కలిపి 18 మందిలో అది కనిపించింది, వారిలో 11 మంది చనిపోయారు. ఆ మరణాల్లో ఆరు నేరుగా ఈ ఇన్‌ఫెక్షన్ వల్లే. జన్యుక్రమం చదివి చూస్తే అన్నీ ఆ మొదటి పేషెంటు నుంచి వచ్చినవే. మధ్యలో ఎవరికీ తెలియకుండా మోసినవాళ్లున్నారు. శుభ్రం చేశామనుకున్న వెంటిలేటర్ మీద, సింకు తూముల్లో కూడా అది దొరికింది. అంత డబ్బూ అంత తెలివీ ఉన్నచోట జరిగిందిది.

వెతకడం కంటే అందరికీ ఒకే జాగ్రత్త తీసుకోవడం మేలనే వాదనకూ బలముంది. 2013లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో అమెరికాలోని 74 ఐసీయూలను మూడు రకాలుగా విడదీశారు. ఎంఆర్ఎస్ఏ ఉన్నవాళ్లను వెతికి విడిగా ఉంచినచోట కంటే, పరీక్ష ఊసెత్తకుండా ఐసీయూలో ఉన్న ప్రతివారికీ రోజూ క్లోర్‌హెక్సిడిన్‌తో ఒళ్లు తుడిచి, ఐదు రోజులు ముక్కులో మూపిరోసిన్ పూసినచోట రక్తంలో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా తగ్గాయి. అయితే ముక్కులో, చర్మం మీద ఉన్నదాన్ని తుడవొచ్చు. పేగులో ఉన్నదాన్ని తుడవలేం. కార్బపెనెం మొండి బ్యాక్టీరియాను పేగులోంచి తరిమే నమ్మకమైన మందు ఇప్పటికి లేదు.

మరి మన వార్డుల్లో? పెద్ద ప్రభుత్వాసుపత్రిలో విడి గది అడగడమంటే ఆకాశం అడగడమే. మంచం పక్కన చాప మీద పేషెంటు తాలూకు మనిషి, మంచం చివర క్యారేజీ, కిటికీలో ఎండేసిన తువ్వాలు. ఫలితం 50 నిమిషాల్లో వచ్చినా, మధ్యాహ్నం ఒంటిగంటకు ల్యాబు కంప్యూటర్లో పడిన పాజిటివ్ వార్డుకు తెలిసేది మర్నాడు రౌండ్స్‌లోనైతే ఆ కార్ట్రిడ్జి ఖర్చు నీళ్లపాలే. రంగు తేల్చే అగర్ వాడినా దాదాపు అదే సమయానికి తెలిసేది. గది లేనిచోట చేయగలిగినవీ ఉన్నాయి: పాజిటివ్‌లందరినీ వార్డులో ఒక మూలకు చేర్చడం, ఆ మూలకు ఒకే సిస్టర్‌ను వేయడం, బీపీ పట్టీ, స్టెతస్కోప్, బెడ్‌పాన్ ఆ మూలకే ఉంచేయడం, మంచానికో చేతి శానిటైజర్ సీసా తగిలించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మార్గదర్శకాల్లో చెప్పిందీ దాదాపు ఇవే: చేతుల శుభ్రత, వాహకుల్ని వెతకడం, విడిగా ఉంచడం, పరిసరాల శుభ్రత. ల్యాబు నుంచి వార్డు ఫోనుకు ఒక్క కాల్ వెళ్లేలా నియమం పెట్టడానికి బడ్జెట్ అక్కర్లేదు.

విడిగా ఉంచడంలో చెడు కూడా ఉంది. గ్లవ్స్, గౌను వేసుకుని లోపలికి వెళ్లడం బద్ధకమై డాక్టర్లు గుమ్మం దగ్గరే పలకరించి పోతారు. పేషెంటు కుంగిపోతాడు. ఇరుగుపొరుగు మంచాలవాళ్లు అంటురోగమని చూపు తిప్పుకుంటారు. మరీ ఘోరం, పాజిటివ్ అని తెలిస్తే "మా దగ్గర బెడ్లు లేవు" అనే ఆసుపత్రులున్నాయి. వాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. స్వాబ్ తీయని ఆసుపత్రిలో వాహకులు లేరని కాదు, ఎవరో తెలియదని మాత్రమే.

రిపోర్టు పాజిటివ్ వచ్చిన కుటుంబం మొదట అడిగేది, "దీనికి మందేమిటి డాక్టరుగారూ?" జ్వరం లేక, ఇన్‌ఫెక్షన్ లక్షణాలు లేక, ఉత్త పేగులో మాత్రమే ఉంటే మందు లేదు, ఇవ్వకూడదు కూడా. ఇస్తే మిగిలిన మంచి బ్యాక్టీరియా కూడా పోయి మొండిదానికి ఇంకా చోటు దొరుకుతుంది. చాలామందిలో అది నెలలు గడిచేకొద్దీ తగ్గి పోతుంది, కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. ఇంట్లో వేరే కంచం, వేరే గది అవసరం లేదు. పిల్లల్ని ఎత్తుకోవచ్చు. దొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, మంచాన పడ్డవాళ్ల మలమూత్రాలు తీసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవడం, ఇంతవరకే.

ఆ రిపోర్టు మీకు ఉపయోగపడే సందర్భం ఒకటుంది. ఆర్నెల్ల తర్వాత అదే మనిషికి కిడ్నీలో రాయో, మూత్రంలో మంటో వచ్చి చలిజ్వరంతో మరో ఆసుపత్రికి పరుగెత్తితే, కల్చర్ రిపోర్టు వచ్చేదాకా డాక్టరు అంచనా మీదే మందు మొదలుపెడతారు. పేగులో ఎన్‌డీఎం ఉన్న క్లెబ్సియెల్లా ఉండేదని ఆయనకు తెలిస్తే ఆ అంచనా మారుతుంది. మెరోపెనెంతో రెండు రోజులు వృథా కాకపోవచ్చు. డిశ్చార్జి సమ్మరీలో ఈ విషయం రాయని ఆసుపత్రులే ఎక్కువ. రాయమని అడగండి. రాయకపోతే ల్యాబు రిపోర్టు జిరాక్సైనా తీసుకుని, ఫోనులో ఒక ఫొటో ఉంచుకోండి. తర్వాత ఎక్కడ చేరినా క్యాజువాలిటీలోనే అది చూపిస్తే, కొత్త స్వాబ్ ఫలితం కోసం ఆగకుండా మంచం ఎక్కడ వేయాలో వాళ్లు అప్పుడే తేల్చుకోగలరు.